ఏడో తరగతికి శాసనసభ పాఠం: పాత్రల కంటే ముందు పిల్లల చేతికి బిల్లు ఇవ్వండి

ప్రశ్న: నేను దేవరకొండ వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సోషల్ చెబుతున్నాను. ఏడో తరగతిలో రాష్ట్ర శాసనసభ, చట్టాల తయారీ పాఠం ప్రతి ఏడూ నన్ను ఇబ్బంది పెడుతోంది. ముసాయిదా, బిల్లు, సభలో ప్రవేశపెట్టడం, గవర్నర్ ఆమోదం అన్నీ పిల్లలు గడగడా అప్పజెప్తారు. "మరి చట్టం ఎవరు చేస్తారు?" అంటే "సీఎం సారు చేస్తడు మేడం" అంటారు. ఈసారి నీళ్ల సమస్య అని టాపిక్ ఇచ్చి క్లాసులో నమూనా అసెంబ్లీ పెట్టాను. పది నిమిషాల్లో అరుపులు, కాగితాలు చింపి విసరడం, వాకౌట్. టీవీలో చూసిందే చేశారు. ఒక పిల్లాడు నిజమైన పార్టీ పేరు ఎత్తి తిట్టాడు. మర్నాడు ఒక తండ్రి వచ్చి "బడిలో రాజకీయాలేంది?" అని హెచ్ఎం గారి దగ్గర గొడవ చేశారు. ఇంకో పిల్లాడేమో "ఇవన్నీ హైదరాబాద్‌ల జరిగేటివి, మనకెందుకు మేడం" అన్నాడు. ఈ పాఠానికి నాకు దొరికేవి ఐదారు పీరియడ్లు. నమూనా అసెంబ్లీ మానేసి నోట్స్ రాయించేయమంటారా? నా పేరు వేయకండి.

సమాధానం: మేడం గారూ, మానేయకండి. నోట్స్‌తో వచ్చేది మీ పిల్లలకు ఇప్పటికే వచ్చేసింది. రానిది నోట్స్‌తో రాదు.

మీరు పెట్టిన నమూనా అసెంబ్లీలో స్పీకర్ ఉన్నారు, మంత్రి ఉన్నారు, ప్రతిపక్షం ఉంది. బిల్లు మాత్రం లేదు. "నీళ్ల సమస్య" అనేది టాపిక్. దాని మీద ఎవరైనా ఎంతసేపైనా మాట్లాడొచ్చు, తేలేది ఏమీ ఉండదు. తేలేది లేనప్పుడు గొంతు పెద్దది చేయడం తప్ప పిల్లలకు వేరే పని లేదు. కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి, "ఇది రేపటి నుంచి అందరికీ వర్తిస్తుంది. ఇందులో ఏ మాట ఉంచాలి, ఏ మాట మార్చాలి?" అని అడిగి చూడండి. అదే పిల్లలు కాగితం మీదికి వంగుతారు. నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే: మీకున్న ఐదారు పీరియడ్లలో సగం క్లాజులకు (బిల్లులో నంబరు వేసి రాసే ఒక్కో నియమం), సవరణలకు కేటాయించండి. మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకుంటాయి.

దానికి ముందు "సీఎం సారు చేస్తడు" అన్న జవాబు సంగతి చూద్దాం. అది తెలివితక్కువ జవాబు కాదు. పిల్లలు ఇంట్లో వినేది అదే. రైతు భరోసా డబ్బులు పడ్డాయంటే ప్రభుత్వం వేసింది అంటారు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన తరం కళ్ల ముందే ఉంది. అక్కడికి మిషన్ భగీరథ నీళ్లు వచ్చాయంటే అదీ ప్రభుత్వం చేసిన పనిగానే వింటారు. టీచర్ల ఇళ్లలో పిల్లలకైతే "జీవో వచ్చింది" అన్న మాట అన్నం తిన్నంత అలవాటు. పథకం, జీవో, చట్టం మూడూ వాళ్ల మనసులో ఒకే ముద్ద. మొదటి పీరియడ్‌లో ఆ ముద్ద విడదీయండి చాలు.

పథకాన్ని మంత్రివర్గం నిర్ణయించి మొదలుపెట్టగలదు. కానీ దానికి ఖర్చయ్యే డబ్బును బడ్జెట్‌లో శాసనసభ ఆమోదించాలి. జీవో అంటే ప్రభుత్వం తన అధికారులకు, శాఖలకు ఇచ్చే ఉత్తర్వు. అది ఉన్న చట్టానికి లోబడే ఉండాలి, దాన్ని దాటితే కోర్టులో నిలవదు. ఒకరి హక్కు మార్చాలన్నా, తప్పు చేసినవారికి శిక్ష వేయాలన్నా, కొత్త పన్ను వేయాలన్నా చట్టం ఉండాలి. చట్టానికి మాత్రం ముఖ్యమంత్రి ఒక్కరి సంతకం చాలదు. ముఖ్యమంత్రికి కూడా సభలో ఒక్క ఓటే. ఈ చివరి మాట పిల్లలకు నిజంగా ఆశ్చర్యం కలిగిస్తుంది. కాసేపు ఆగి, వాళ్ల ప్రశ్నలు రానివ్వండి. "మరి సీఎం చెప్పిందే ఎందుకైతది మేడం?" అని తప్పకుండా ఒకరు అడుగుతారు. మన శాసనసభలో 119 మంది సభ్యులు, అందులో 60 మంది ఒక వైపు ఉంటే ఆ వైపే ప్రభుత్వం, ఆ వైపు నాయకుడే ముఖ్యమంత్రి. కాబట్టి ఆయన తెచ్చిన బిల్లు మామూలుగా నెగ్గుతుంది. నెగ్గడానికి మాత్రం ఓటు జరగాల్సిందే.

ఇక్కడే మీ పిల్లల ఇళ్లలో ఉన్న ఒక చట్టాన్ని చూపించండి. మీ బడికి తండాల నుంచి వచ్చే పిల్లలు ఉండే ఉంటారు. 2018కి ముందు చాలా తండాలు పక్క ఊరి పంచాయతీలో ఒకటో రెండో వార్డులు. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం వచ్చాక సుమారు 500 జనాభా ఉన్న తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. "మా తండాకు సర్పంచ్ ఎట్ల వచ్చిండు?" అన్న ప్రశ్నకు జవాబు ఆ ఏడాది మార్చిలో శాసనసభలో జరిగిన ఓటు దగ్గర మొదలవుతుంది. 2025 డిసెంబర్‌లో జరిగిన పంచాయతీ ఎన్నికలు పిల్లలకు ఇంకా గుర్తే. ఊళ్లో నర్సరీ, మొక్కలకు నీళ్లు పోసే పంచాయతీ ట్యాంకర్ కూడా ఆ చట్టం కిందికే వస్తాయి. పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలని, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని అందులో రాశారు. పిల్లలు రోజూ చూసే ట్యాంకర్ వెనక ఒక వాక్యం ఉంది, ఆ వాక్యాన్ని మనం ఓట్లేసి పంపినవాళ్లు ఆమోదించారు. ఇలా ఊరి నుంచి హైదరాబాద్‌కు వెనక్కి నడిపిస్తే పాఠం దారి సులువవుతుంది. పుస్తకంలో దారి హైదరాబాద్ నుంచి ఊరికి ఉంటుంది. మీరు తిరగేసి చెప్పండి.

ఏ విషయం మీద బిల్లు పెట్టాలో పిల్లల్నే అడగొచ్చు. ఫోన్ రీచార్జ్ ధర తగ్గించాలనో, రైలు వేయాలనో అంటారు. అవి కేంద్రం చేతిలో ఉన్నవి. నీళ్లు, భూమి, వ్యవసాయం, ప్రజారోగ్యం, పంచాయతీలు రాష్ట్రం జాబితాలో ఉన్నవి. చదువు 1976లో ఉమ్మడి జాబితాలోకి వెళ్లింది. రెండు నిమిషాల్లో ఈ సంగతి చెప్పి దాటేయండి, జాబితాలు బట్టీ పట్టించకండి.

నన్ను అడిగితే మన ప్రాంతానికి తగిన బిల్లు ఒకటి ఉంది: వదిలేసిన బోరుబావులు మూయించే బిల్లు. దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట వైపు బోరు ఫెయిలవ్వని ఇల్లు అరుదు. 2017 జూన్‌లో చేవెళ్ల మండలం ఇక్కారెడ్డిగూడలో ఒక చిన్నపాప బోరుబావిలో పడి చనిపోయింది. అంతకు ముందే, 2010లో, సుప్రీంకోర్టు వదిలేసిన బోర్లకు మూతలు వేయాలని మార్గదర్శకాలు ఇచ్చి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం, విభజన తర్వాత కూడా తెలంగాణలో కొనసాగుతోంది. బోరు వేయాలంటే అనుమతి కావాలన్నది దానిలోదే. మీ పిల్లల బిల్లు నిజంగా సభకు వస్తే బహుశా దానికి సవరణగానే వస్తుంది. ఆ మాట కూడా చెప్పండి. చాలా బిల్లులు ఖాళీ పలక మీద రాసేవి కావని, ఉన్న చట్టానికి మార్పులని వాళ్లకు తెలుస్తుంది.

ముసాయిదా మీరే రాసివ్వండి. కావాలనే కొన్ని సందులు వదిలి రాయండి. ఇలా:

1. ఈ చట్టం తెలంగాణ రాష్ట్రమంతటికీ వర్తిస్తుంది.
2. వాడకంలో లేని బోరుబావిని దాని యజమాని వెంటనే మూసేయాలి.
3. మూయనివారికి జరిమానా విధిస్తారు.
4. ఈ చట్టం అమలును అధికారులు చూసుకుంటారు.

మొదటిసారి చదివినప్పుడు పిల్లలందరూ "బాగుంది మేడం" అంటారు. అప్పుడు రెండో క్లాజు దగ్గర ఆపండి. "వాడకంలో లేని" అంటే ఏమిటి? ఎండాకాలం ఎండిపోయి వానలు పడ్డాక మళ్లీ పోసే బోరు వాడకంలో ఉన్నట్టా, లేనట్టా? రైతు ఇంటి పిల్లలు ఊరుకోరు. "మా బోరు గట్లనే మేడం, పూడిస్తే మళ్ల వెయ్యాలె" అంటారు. అక్కడ మొదటి సవరణ పుడుతుంది. ఫెయిలైన బోరును మట్టితో పూడ్చాలి, మళ్లీ పోసే అవకాశం ఉన్న బోరుకు ఇనుప మూత వేయాలి. రెండూ వేరువేరని ఏడో తరగతి పిల్లలే తేలుస్తారు.

"యజమాని" అన్న మాట ఇంకా గట్టిది. పాసుపుస్తకం తాత పేరు మీద, సాగు నాన్నది, బోరు వేయించింది కౌలుకు తీసుకున్న మనిషి. జరిమానా ఎవరికి? బోరు బండి వాళ్ల సంగతేమిటి? నీళ్లు పడలేదని తేలగానే కేసింగ్ పైపు పీక్కుని, గుంత అలాగే వదిలేసి రాత్రికి రాత్రి వేరే ఊరికి పోయే బండ్లను మన పిల్లలు చూసే ఉంటారు. ఆ బండ్లు చాలావరకు తమిళనాడు నంబరువి. "వాళ్లకు మన చట్టం వర్తిస్తదా?" అని అడగనివ్వండి. ఇక్కడి నేల మీద పని చేస్తే ఇక్కడి చట్టమే వర్తిస్తుంది. బండి ఏ రాష్ట్రంలో రిజిస్టర్ అయిందన్నది దీనికి అడ్డం కాదు. మొదటి క్లాజు ఎందుకు రాశామో అప్పుడు అర్థమవుతుంది. అంతదాకా అది వాళ్లకు ఊరికే ఉన్న వాక్యం.

"వెంటనే" అంటే ఎన్ని గంటలు? పక్కన పిల్లలు ఆడుకునే చోటైతే ఒక్క రాత్రి కూడా ఎక్కువే. జరిమానా ఐదొందలైతే కట్టేసి ఊరుకునేవాళ్లు ఉంటారు. యాభై వేలైతే నాలుగు బోర్లు ఫెయిలై అప్పుల్లో ఉన్న రైతు ఏమవుతాడు? ఈ ప్రశ్న దగ్గర క్లాసు కొంచెం నెమ్మదిస్తుంది. అప్పుల సంగతి తెలిసిన పిల్లలు అందులో ఉంటారు. ఎవరినీ ఇంటి విషయం చెప్పమని అడగకండి, వాళ్లంతట వాళ్లు మాట్లాడితే వినండి. జరిమానా బదులు మూత ఖర్చు పంచాయతీ పెట్టుకోవాలని ఒకరు సవరణ ఇస్తారు. "పంచాయతీకి పైసలు యాడికెళ్లి వస్తయి?" అని ఇంకొకరు లేస్తారు. నిజమైన సభలో జరిగే వాదన ఇదే. నాలుగో క్లాజులో "అధికారులు" అని రాస్తే పంచాయతీ కార్యదర్శి తహసీల్దార్ మీద, తహసీల్దార్ కార్యదర్శి మీద తోసుకోవచ్చు. పేరు కాకపోయినా హోదా రాయాలని పిల్లలు పట్టుబడితే మీ పాఠం సగం అయిపోయినట్టే.

సవరణలు నోటితో చెప్పనివ్వకండి, చీటీ మీద రాయించండి. "2వ క్లాజులో 'వెంటనే' అన్న మాట తీసేసి '24 గంటల లోపు' అని చేర్చాలి" అన్నట్టు ఉండాలి. సభలో ఒకే నియమం పెట్టండి: చీటీ ఇచ్చినవారు, ఆ చీటీ గురించి మాట్లాడదలచినవారు మాత్రమే లేవాలి. స్పీకర్ ఆ చీటీ చదివి సభ ముందు పెట్టాలి. ఒప్పుకునేవారు "అవును", ఒప్పుకోనివారు "కాదు" అనాలి. ఏది గట్టిగా వినిపిస్తే అది నెగ్గినట్టు స్పీకర్ ప్రకటిస్తారు. ఇదే మూజువాణి ఓటు. ఎవరికైనా అనుమానం ఉంటే డివిజన్ అడగొచ్చు, అప్పుడు చేతులు లెక్కపెట్టాలి. రెండు వైపులా సమానంగా వస్తేనే స్పీకర్ తన ఓటు వేయాలి. ఇంత పని చేతిలో ఉంటే కాగితాలు చింపే తీరిక ఎవరికీ ఉండదు.

అరుపులకు మీరు పిల్లల్ని తిట్టాల్సిన పని కూడా లేదు. టీవీ వార్తల్లో గొడవ జరిగిన నిమిషమే పదిసార్లు వస్తుంది, క్లాజులు చదివిన గంట రాదు. వాళ్లు చూసిందాన్నే చేశారు. సమావేశాలు ప్రత్యక్ష ప్రసారమవుతాయి కాబట్టి, ఒక బిల్లు మీద నిదానంగా మాట్లాడుతున్న ఐదు నిమిషాలు ముందే వెతికి పెట్టుకుని చూపించండి. గొడవ భాగం దాచారని కాదు, మిగతాది కూడా ఉందని చూపినట్టవుతుంది.

పార్టీల విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. నిజమైన పార్టీ పేరు, రంగు, గుర్తు, నినాదం ఏదీ క్లాసులోకి రాకూడదు. అధికార పక్షం, ప్రతిపక్షం చీటీలతో తేల్చండి. మర్నాడు అటువాళ్లను ఇటు, ఇటువాళ్లను అటు మార్చండి. నిన్న బిల్లును మెచ్చుకున్న పిల్ల ఇవాళ దాన్ని ప్రశ్నించాల్సి వస్తే రెండు పక్షాల పనీ ఆమెకు తెలుస్తుంది. ఇంకోటి కూడా చేయండి. ప్రతి సభ్యుడికీ ఒక చిన్న కార్డు ఇచ్చి నియోజకవర్గం గురించి ఒక వాక్యం రాయండి. ఒకరికి బోర్ల మీదే బతికే రైతులు, ఒకరికి బోరు బండ్ల మీద పని చేసే కూలీలు, ఒకరికి కాలువ నీళ్లు పారే ఊళ్లు. మిర్యాలగూడ ఆయకట్టు నుంచి గెలిచిన సభ్యుడికి, చందంపేట గుట్టల నుంచి ఓటు వేసిన జనానికి బోరు ఒకేలా కనిపించదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఒక్క జిల్లాను రెండు రకాల బతుకులుగా చేసింది. మీ పిల్లలకు ఆ తేడా మీకంటే ముందే తెలిసి ఉంటుంది.

క్లాజులన్నీ అయ్యాక బిల్లు మొత్తానికి ఒక ఓటు. ఆ తర్వాత శాసన మండలి, అంటే రాష్ట్రంలోని రెండో సభ. దీనికి ఎనిమిదో తరగతి పిల్లల్ని పిలవండి, ఒక్క పీరియడ్ చాలు. మన మండలిలో 40 మంది ఉంటారు. 14 మందిని ఎమ్మెల్యేలు, 14 మందిని స్థానిక సంస్థల ప్రతినిధులు, ముగ్గురిని పట్టభద్రులు, ముగ్గురిని టీచర్లు ఎన్నుకుంటారు. ఆరుగురిని గవర్నర్ నామినేట్ చేస్తారు. ఇక్కడ మీకొక మంచి అవకాశం ఉంది. వరంగల్-ఖమ్మం-నల్గొండ ఉపాధ్యాయ నియోజకవర్గంలో మీరూ ఓటరే కదా. 2025 ఫిబ్రవరి 27న ఓటు వేసి ఉంటే ఆ సంగతి చెప్పండి, ఎవరికి వేశారో తప్ప. మొదటి ప్రాధాన్యం, రెండో ప్రాధాన్యం అని అంకెలు వేసే బ్యాలెట్ ఎలా ఉంటుందో బోర్డు మీద గీయండి. మండలి చైర్మన్ గుత్తా సుఖేందర్ రెడ్డి గారు మన నల్గొండ జిల్లా వారేనని చెబితే పిల్లలకు ఆ సభ దగ్గరవుతుంది. మండలి బిల్లును ఆపగలదా అంటే, కొంతకాలమే. మొదటిసారి మూడు నెలలు, శాసనసభ మళ్లీ ఆమోదించి పంపితే ఒక నెల. ఆ తర్వాత శాసనసభ మాటే నెగ్గుతుంది. ద్రవ్య బిల్లైతే, అంటే పన్నులు, ప్రభుత్వ ఖర్చుల బిల్లైతే, 14 రోజులే. మీ ఎనిమిదో తరగతి మండలి రెండు మంచి సవరణలు సూచించి తిప్పి పంపితే, ఏడో తరగతి వాటిని తీసుకుంటుందో లేదో చూడండి. సీనియర్లు చెప్పారని అన్నీ ఒప్పేసుకోవద్దని ముందే చెప్పండి.

గవర్నర్‌గా హెచ్ఎం గారిని కూర్చోబెట్టండి. ఆయన ముందు మూడు దారులు: ఆమోదించడం, కారణం రాసి వెనక్కి పంపడం, రాష్ట్రపతి పరిశీలనకు ఉంచడం. వెనక్కి పంపిన బిల్లును సభ మళ్లీ ఆమోదిస్తే గవర్నర్ ఆమోదం నిలిపి ఉంచడానికి వీల్లేదు. ఈ దారులు ఉత్తి మాటలు కావని చూపడానికి 2025 మార్చి చాలు. ఆ నెల 17, 18 తేదీల్లో మన శాసనసభ ఆమోదించిన బిల్లుల్లో ఎస్సీ వర్గీకరణ బిల్లు గవర్నర్ ఆమోదం పొంది ఏప్రిల్ 14న రాజపత్రంలో, అంటే గెజిట్‌లో వచ్చింది. బీసీలకు 42 శాతం రిజర్వేషన్ బిల్లులు రాష్ట్రపతి దగ్గరికి వెళ్లాయి. ఒకే వారం, ఒకే సభ, రెండు దారులు. బోర్డు మీద రెండు బాణాలు గీసి ఆపేయండి. రిజర్వేషన్ల మంచిచెడ్డల మీద ఈ క్లాసులో వాదన పెట్టొద్దని నా గట్టి సలహా. ఆ కులాల పిల్లలంతా అదే బెంచీల మీద పక్కపక్కన కూర్చుని ఉంటారు. పన్నెండేళ్ల వయసులో ఒక్క మాట తగిలితే చాలాకాలం ఉంటుంది.

హెచ్ఎం గారు సంతకం చేశాక బిల్లును శుభ్రంగా రాయించి నోటీసు బోర్డుకు అంటించండి. అదే మీ రాజపత్రం.

ఇక ఆ తండ్రి గారి విషయం. ఆయన కోపంలో న్యాయం ఉంది. బడిలో ఒక పార్టీని తిట్టడం ఆయన బిడ్డకు బాధ కలిగించింది. ఆయన్ని పిలిచి, ఇకపై పార్టీ పేరే రాదని చెప్పి, బోరు బిల్లు కాగితం చూపించండి. వీలైతే రెండో రోజు సభ చూడ్డానికి రమ్మనండి. ఆయన బోర్లు వేయించిన రైతైతే పిల్లలకు ఆయన దగ్గర తెలుసుకోవాల్సింది ఎంతో ఉంటుంది. హెచ్ఎం గారికి ముందే రాతపూర్వకంగా చెప్పి చేయండి, మీకు టెన్షన్ ఉండదు. చివర్లో పిల్లలు ఉత్సాహంతో ఎమ్మెల్యే గారికి ఉత్తరం రాద్దామంటారు. ప్రభుత్వ టీచర్‌గా మీరు దాని బదులు పంచాయతీకి రాయించండి: మన ఊళ్లో ఫలానా చోట్ల బోర్లు తెరిచి ఉన్నాయి, మూత వేయించగలరని. అందులో రాజకీయం లేదు, పని ఉంది. ఆ బోర్లు చూడ్డానికి మాత్రం పిల్లల్ని పంపొద్దు. తెలిసినవి చెప్పమనండి, వెళ్లి వెతకమనొద్దు.

"మనకెందుకు మేడం" అన్న పిల్లాడికి ఒక ప్రశ్న ఇచ్చి ఇంటికి పంపండి: మీ ఇంట్లో 38-ఇ సర్టిఫికెట్ ఉందా, నాయనమ్మనో తాతనో అడుగు. అతని ఇంట్లో లేకపోయినా క్లాసులో ఎవరో ఒకరి ఇంట్లో ఆ పేరు విని ఉంటారు. హైదరాబాద్ రాష్ట్ర కౌలుదారీ చట్టం 1950లో వచ్చింది. నల్గొండ పల్లెల్లో భూమి కోసం సాయుధ పోరాటం అప్పటికింకా నడుస్తోంది, ఎన్నికైన శాసనసభ లేదు. 1952లో మొదటి ఎన్నికలు జరిగాయి. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్ నుంచి గెలిచిన బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. నల్గొండ నుంచి రావి నారాయణరెడ్డి దేశంలోనే అత్యధిక ఓట్లతో లోక్‌సభకు వెళ్లారు. ఆ తర్వాత 1954లో ఆ కౌలుదారీ చట్టానికి ఒక సవరణ వచ్చి 38-ఇ సెక్షన్ చేరింది. రక్షిత కౌలుదారు సాగు చేస్తున్న భూమికి యజమాని కావడానికి దారి వేసింది ఆ సెక్షనే. మూల చట్టంలో లేని ఒక సెక్షన్, సవరణగా వచ్చింది, ఎన్నో కుటుంబాలకు భూమి తెచ్చింది. దాని అమలులో జాప్యాలు, కోర్టు కేసులు లేకపోలేదు, ఇప్పటికీ ఉన్నాయి. అవీ చెప్పండి. చట్టం రాయడం ఒకటి, అది చేను దాకా రావడం మరొకటి అని ఆ కేసులే చూపిస్తాయి.

ఇంకో ప్రశ్న కూడా తప్పకుండా వస్తుంది, సిద్ధంగా ఉండండి: "తెలంగాణను ఏ అసెంబ్లీ చేసింది మేడం?" ఏ అసెంబ్లీ కాదు. కొత్త రాష్ట్రం ఏర్పాటు చేసే అధికారం పార్లమెంటుది. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడుగుతారు, అంతే. 2014 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి, జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఈ ఒక్క ఉదాహరణతో కేంద్రం, రాష్ట్రం తేడా పిల్లలకు జీవితాంతం గుర్తుంటుంది.

హైదరాబాద్ తీసుకెళ్లే వీలుంటే తీసుకెళ్లండి, పబ్లిక్ గార్డెన్స్ పక్కనున్న ఆ తెల్లని శాసనసభ భవనం 1913లో పూర్తయిన టౌన్ హాల్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 40వ పుట్టినరోజు సందర్భంగా తలపెట్టిన కట్టడం. మహబూబ్‌నగర్‌కు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. వీలు లేకపోతే బాధపడకండి, క్లాజుల చర్చ బస్సు ప్రయాణం కంటే ఎక్కువ నేర్పుతుంది.

పరీక్షలో ఈసారి "చట్టం తయారయ్యే దశలు రాయండి" అన్న ప్రశ్నతో పాటు ఇంకోటి ఇవ్వండి. పిల్లలు చూడని రెండు వాక్యాల బిల్లు రాసి, అందులో ఒక సందు వెతికి, సవరణ రాయమనండి. చెరువులో మట్టి తవ్వకం గురించి ఇవ్వొచ్చు, ఊళ్లో కోతుల బెడద గురించి ఇవ్వొచ్చు. మార్కులు వేసేటప్పుడు సవరణ ఎటు వైపు ఉందన్నది చూడకండి. ఏ మాట తీసి ఏ మాట పెట్టాలో స్పష్టంగా రాశారా, ఎందుకో ఒక కారణం చెప్పారా అన్నదే చూడండి. ముసాయిదా రాశాక క్లాజుల్లో ఎక్కడైనా సందేహం వస్తే ఈ శీర్షికకే మళ్లీ రాయండి. మీ పిల్లలు ఇచ్చిన సవరణల్లో రెండు మూడు పంపితే, మీ ఊరు, బడి పేర్లు లేకుండా మిగతా టీచర్ల కోసం ఇక్కడ వేస్తాను.